హోర్డింగెక్కిన హసింతో

గుయాకిల్ నగర శివారు కొండవాలున ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసుకు బతికే, అందరూ మర్యాదకి ‘డాన్’ అని పిలిచే హసింతో కిమీకి ముసలితనం ముంచుకొస్తున్న వేళ పేరొచ్చింది. అలాంటి ఇలాంటి పేరు కాదు, మెయిన్ రోడ్డు మలుపులో బస్సు దిగిన ప్రతివాడి నెత్తిమీదా కనబడేంత పేరు. దేశాధ్యక్షుడు రెండోసారి పోటీ చేస్తున్నాడు. ఆయన హోర్డింగు మీద ఆయనకన్నా పెద్దగా హసింతో ఉన్నాడు. మెలితిప్పిన మీసం, చెవులదాకా నవ్వు, చేతిలో గ్లాసు నిండా నీళ్ళు. కింద బారెడు అక్షరాలతో "చెప్పాడు, తెచ్చాడు" అని రాసుంది. ఆ హోర్డింగు నీడలోనే ఇప్పటికీ నీళ్ళ లారీ ఆగుతుంది, జనం నీలం డ్రమ్ములు వేసుకుని కొట్టుకుంటారు.

అసలు జరిగిందేమిటంటే, రెండేళ్ళ క్రితం వీధిలో పైపులు వేశారు, చివర ఒక ట్యాపు పెట్టారు, దాన్ని తిప్పడానికి అధ్యక్షుడే స్వయంగా వచ్చాడు. తిప్పితే నీళ్ళొచ్చాయి. ముందు వరసలోకి తోసుకుని వెళ్ళి నిలబడ్డాడు గనక గ్లాసు హసింతో చేతిలో పెట్టారు. తాగాడు. ఫోటోలు తీశారు. వీధంతా చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టింది. అధ్యక్షుడి కార్లు కొండ దిగీదిగకముందే ట్యాపు ఆగిపోయింది. పైనున్న తొట్టిని ఆ పూటకి లారీతో నింపారని తర్వాత తెలిసింది. ఆ తర్వాత చుక్క రాలితే ఒట్టు.

ఇంకొకడైతే ఆ హోర్డింగు చూసి తలెత్తుకోలేకపోయేవాడు. హసింతో మాత్రం రోజూ పొద్దున్నే రొట్టె కొనే వంకతో చుట్టు తిరిగి వెళ్ళి తనను తాను చూసుకొచ్చేవాడు. అది సిగ్గుమాలిన పని అని అతనికీ తెలుసు. "ఛీ, సిగ్గులేని వెధవా" అని తనను తానే తిట్టుకునేవాడు, తిట్టుకుంటూనే మీసం సవరించుకునేవాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా డాన్ హసింతో?" అని డ్రమ్ము దొర్లించుకుంటూ వెళ్ళే ప్రతివాడూ అడిగేవాడు.

"మరి రోడ్డెవరు వేశారు? ఆస్పత్రికి రంగెవరు వేయించారు? నాలుగేళ్ళలో మనిషన్నవాడు ఎన్నని చేస్తాడు?" అని ఇతను లేచేవాడు.

"రంగు బాగానే ఉంది నాయనా. మోకాళ్ళకి అదే రాసుకుంటున్నాను, మందులు లేవన్నారు," అనేది పక్కింటి ముసలావిడ దోన్యా ఉల్బియా.

అధ్యక్షుడు మంచివాడా, చెడ్డవాడా అని రాత్రి మంచమెక్కాక ఆలోచిస్తే హసింతోకి ఏమీ తేలేది కాదు. ఆయన్ని తప్పుపడితే హోర్డింగు దిగాలి. దిగాలనిపించేది కాదు. అందుకని ఆయన మంచివాడే అయ్యుంటాడని తేల్చుకుని పడుకునేవాడు.

డిసెంబరులో పార్టీ తరఫున, ఆ హోర్డింగు కట్టించిన వెలింగ్టన్ అనే కుర్ర నాయకుడు ఫోన్ చేశాడు. జనవరిలో అధ్యక్షుడి సభ ఇక్కడే, స్టేజీ మీద ఒకే ఒక్క మాట అనాలి, "మా వీధికి నీళ్ళొచ్చాయి" అని. హసింతో ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు.

"చెప్పు, శుభ్రంగా చెప్పు," అంది పెళ్ళాం నార్సిసా, బకెట్టు కింద పెట్టకుండానే. "వచ్చేటప్పుడు ఆ నీళ్ళు రెండు బకెట్లు పట్టుకురా. బట్టలు నానేశాను."

ఆ కబురు తెలిశాక వీధి వెక్కిరించడం కూడా మానేసింది. హసింతోకి అప్పుడు భయం వేసింది. స్టేజీ మీద ఆ మాట అంటే ఇక ఈ వీధిలో పలకరించే దిక్కుండదని అతనికి అర్థమైంది. అర్థమయ్యాక కూడా అద్దం ముందు నిలబడి ఆ మాట నాలుగు రకాలుగా అని చూసుకున్నాడు.

సంవత్సరం ఆఖరి రోజు ప్రతి వీధీ ఒక గుడ్డ బొమ్మ చేసి, ఆ ఏటి పాపాలన్నీ దాని నెత్తిన వేసి తగలబెడుతుంది. బొమ్మకి పెళ్ళాంగా ఒక మగవాడు నల్ల గౌను తగిలించుకుని, పోయిన మొగుడి గుణగణాలు ఏకరువు పెడుతూ ఏడవాలి. ఆ ఏడుపులో హసింతోని కొట్టినవాడు లేడు. ఈసారి బొమ్మ అధ్యక్షుడిదే అయ్యుంటుంది, కాస్త మెత్తగా ఏడ్చి గట్టెక్కుదాం అనుకుంటూ గౌను చంకన పెట్టుకుని వెళ్ళాడు.

కుర్చీలో కూర్చున్న బొమ్మకి తన గళ్ళ చొక్కా ఉంది. చీపురు పుల్లలతో మెలితిప్పిన మీసం ఉంది. చేతిలో ఖాళీ గ్లాసు ఉంది. మెడలో అట్టముక్క మీద "చెప్పాడు, తాగాడు" అని ఉంది.

"ఆ చొక్కా..." అన్నాడు.

"నేనే ఇచ్చాను," అంది నార్సిసా. "కాలరు చిరిగింది. నీకు స్టేజీకి కొత్తది ఇస్తారుగా."

"ఏమయ్యా, ఏడుస్తావా, ఇంకొకణ్ణి వెతుక్కోమంటావా?" అంది దోన్యా ఉల్బియా. "ఏడ్చేటట్టయితే ఆ మీసం తీసెయ్. మొగుడికీ పెళ్ళానికీ ఒకే మీసమేమిటి, అసహ్యంగా!"

హసింతోకి ఒళ్ళు మండింది. గౌను విసిరికొట్టి పోదామనుకున్నాడు. పోతే ఎక్కడికి పోవాలి? స్టేజీ మీదికే. ఇంట్లోకి వెళ్ళి రేజరు తీశాడు. పెళ్ళినాటి మీసం ఊడి రేకు పళ్ళెంలో పడింది. అద్దంలో పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బలాంటి మొహం ఒకటి బిక్కుబిక్కుమంటూ కనబడింది. ఈ మొహానికా ఇన్నాళ్ళూ అంత పొగరు అనిపించి నవ్వొచ్చింది.

సాయంత్రం గౌను తగిలించుకుని ఏడుపు మొదలెట్టాడు.

"అయ్యో నా రాజా! ఊళ్ళో ఎవరికీ కనబడని నీళ్ళు నీకొక్కడికే ఎలా కనబడ్డాయయ్యా! ఒక్క గ్లాసు తాగి రెండేళ్ళు త్రేన్చావు కదయ్యా! మిక్సీ శబ్దం వినగానే మోటారు పోయిందని చెప్పేవాడివి, ట్యాపు శబ్దమే రాకపోతే నీకేం తెలియలేదా నా తండ్రీ!"

జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుండగా పార్టీ జీపొచ్చి ఆగింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా పట్టుకుని వెలింగ్టన్ దిగాడు.

"డాన్ హసింతో ఇల్లెక్కడ? చొక్కా సరిపోతుందో లేదో చూడాలి."

వీధంతా తలలు పక్కకి తిప్పుకుంది. వెలింగ్టన్ ఎదురుగా ఉన్న హసింతో మొహంలోకే చూశాడు. "ఏం వదినా, నువ్వైనా చెప్పు," అన్నాడు నవ్వుతూ.

నేనే అంటే చాలు, చొక్కా చేతికొస్తుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"పోయాడు నాయనా," అన్నాడు హసింతో బొమ్మని చూపిస్తూ. "పొద్దున్నే పోయాడు. ఇక ఏ స్టేజీ మీదా మాట్లాడలేడు."

వెలింగ్టన్ బొమ్మని చూశాడు, మలుపులో హోర్డింగు వైపు చూశాడు. "అరే, అచ్చు ఆయనే!" అని పకపకా నవ్వాడు. ఏడ్చినందుకు ఒక నాణెం హసింతో అరచేతిలో పెట్టి, "వస్తే ఫోన్ చేయమను," అని జీపెక్కి వెళ్ళిపోయాడు.

దేశమంతా తనని ఆనవాలు పడుతుందని మురిసిపోయినవాణ్ణి, ఆ హోర్డింగు కట్టించినవాడే ఎదురుగా నిలబడి ఆనవాలు పట్టలేదు. వాళ్ళకి కావలసింది మీసమూ గ్లాసూనూ. హసింతోకి ఈసారి నిజంగానే ఏడుపొచ్చింది. వెక్కివెక్కి ఏడ్చాడు. ఈ ఏడు అదరగొట్టేస్తున్నాడని జనం ఇంకా నవ్వారు.

దోన్యా ఉల్బియా మాత్రం నవ్వలేదు. మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, నల్ల శాలువా నెత్తిన కప్పుకుని అతని పక్కన చతికిలబడింది.

"జరుగు."

"మీరెందుకమ్మా?"

"నువ్వు తాగావు. చప్పట్లు కొట్టింది మేం కాదూ? నీ ఒక్కడికే మొగుడా వాడు?" అని ఆవిడ గొంతెత్తి ఏడుపందుకుంది.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కాసేపటికి నార్సిసా చేతులు తుడుచుకుంటూ వచ్చి ఇంకో పక్కన కూర్చుంది.