కవిగారి ఒంటి గ్లౌజు

దోన్ అనక్లేతో లారబూరు గారి చేత ద్వంద్వయుద్ధానికి సవాలు చేయించుకోనివాడు మా మాంటెవిడియోలో పెద్దమనిషి కింద లెక్క కాదు. మంత్రులకు సవాలు చేశారు. విమర్శకులకు చేశారు. ఒకసారి బిషప్పుగారికి కూడా చేయబోతే పక్కవాళ్లు చెయ్యి పట్టుకుని ఆపారు.

ఆయన కవి. కొత్త కవిత్వం గాలి ఊరంతా వీస్తున్న రోజులవి. ఎవరిని కదిపినా హంసలు, నీలిరంగు, పారిస్. మా కవిగారి పద్యాల్లో హంస లేని కొలను లేదు, రాకుమారి లేని మేడ లేదు. ఆయన ఉండేది మాత్రం ఓడరేవు వెనక సందులో, బట్టలుతికే ఆవిడ ఇంటి పై గదిలో. అసలు హంసని ఎప్పుడైనా చూశారా అని అడిగిన మగవాళ్లందరికీ సవాళ్లు అందాయి. ఆడవాళ్లకు సవాలు చేయకూడదని శాస్త్రం ఉంది కాబట్టి నేను ధైర్యంగా అడిగేశాను.

"చూసేస్తే ఇంక రాయడానికి ఏముంటుంది, ఉర్సులా?" అన్నారు.

సవాలు చేసే పద్ధతి ఎప్పుడూ ఒకటే. కుడిచేతి తెల్ల గ్లౌజు ఒక్కొక్క వేలే లాగి తీసి, ఎదుటివాడి పాదాల దగ్గర పడేస్తారు. "అయ్యా, నా సాక్షులు రేపు మిమ్మల్ని కలుస్తారు" అంటారు. గిరుక్కున తిరిగి రెండడుగులు వేస్తారు. మళ్లీ వెనక్కొచ్చి, గొంతు బాగా తగ్గించి, "ఆ గ్లౌజు కాస్త ఇప్పిస్తారా? అదొక్కటే ఉంది" అంటారు. అంతకుముందు ఎడమచేతిది పడేసేవారట, దాన్ని ఎవరో సెనేటరు తిరిగివ్వకుండా జేబులో పెట్టుకుని పోయాడట.

ఒకనాడు కాఫీ హోటల్లో పద్యం చదువుతుంటే ఒకాయన ఆవులించాడు.

"మీరు ఆవులించారు."

"నిద్రొచ్చిందండీ."

"ఎక్కడ వచ్చింది?"

"అయిదో చరణం దగ్గర."

"నాలుగో దాంట్లో అయితే క్షమించేవాణ్ణి. అది నాకూ నచ్చలేదు. అయిదోది నా ప్రాణం." గ్లౌజు పడింది.

ఇలాంటి వ్యవహారాలు నడిపే సాక్షులు ఆయనకు ఇద్దరు. ఒకాయన పళ్ల డాక్టరు, ఇంకొకాయన ఫ్లూటు మాస్టారు. సొంత పని చేసుకునే తీరిక ఇద్దరికీ ఉండేది కాదు. దవడ వాచిన రోగులు వరండాలో కూర్చుని, "మా డాక్టరుగారు ఎవరి పరువు కాపాడడానికి వెళ్లారో" అని మూలుగుతూ ఉండేవాళ్లు. పాపం, సాక్షులు మంచివాళ్లు. రెండు పక్షాలకూ నచ్చజెప్పి, చేతులు కలిపించి, ఇంటికి పంపేసేవాళ్లు.

నిజంగా బరిలోకి దిగింది ఒక్కసారే. ఊరి బయట యూకలిప్టస్ తోట, తెల్లవారుజాము, అవతల ఒక లాయరు. కవిగారు పిస్తోలు ఎత్తి, మళ్లీ దించేశారు.

"ఆ మంచు చూశారా? నీలం కాదు, బూడిదా కాదు. ఏమనాలి దాన్ని?"

లాయరు తన పిస్తోలు చంకలో పెట్టుకుని కాసేపు చూశాడు. "మా అమ్మ పాత శాలువా రంగండీ."

"అయ్యో, నాకు తట్టలేదే!"

ఇద్దరూ కావలించుకున్నారు. గాయాలకు కట్టడానికి పరిచిన గుడ్డలు మళ్లీ మడిచి పెట్టుకుని వైద్యుడు విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

అయితే ఈ గ్లౌజు టోపీలు పెట్టుకున్నవాళ్ల ముందే పడేది. హోటల్లో సర్వరు ఆయనకున్న ఒకే ఒక్క తెల్ల కోటు మీద కాఫీ ఒలకబోస్తే, "పర్లేదు నాయనా" అని వీపు తట్టారు. ఎంత మంచివారో అనుకున్నారు అందరూ. నేను అనుకోలేదు. పెద్దమనిషి కానివాడు అవమానించినా అది అవమానం కాదని వాళ్ల శాస్త్రం. గోడ తగిలి తల బొప్పి కడితే గోడకి సవాలు చేస్తామా? అలాంటి గోడలం మేము.

నేను 'దీపస్తంభం' పత్రిక ప్రెస్సులో అచ్చయిన ఫారాలు మడతపెట్టేదాన్ని. పైన మెట్లెక్కితే యజమాని దోన్ సెరాపియో గారి తివాచీల గది. కింద నేలమాళిగలో మేము. అచ్చు అక్షరాలు పోతపోయడానికి సీసం కరిగించే పొగ కిందే తిరిగేది. కాగితాలు ఎగురుతాయని వీధి మట్టంలో ఉన్న కిటికీలన్నిటికీ మేకులు కొట్టించారు. అక్షరాలు కూర్చే కంపోజిటర్లు దగ్గితే ఆ అక్షరాలుండే టైపు కేసులు గలగలమనేవి. సెరాపియో గారు మాత్రం పైన కూర్చుని రోజూ పరువు మర్యాదల మీద సంపాదకీయాలు రాసేవారు. ద్వంద్వయుద్ధాల తగాదాలు తేల్చే పరువు సభకు ఆయనే అధ్యక్షుడు.

ఆ సంపాదకీయాలకు టైపు కూర్చేవాడు నికాసియో. తాతలు బానిసలుగా ఓడ దిగినవాళ్లు. కుర్రతనంలో మాంసానికి ఉప్పు పట్టించే దొడ్డిలో కత్తి పట్టి, తర్వాత అక్షరాలు పట్టినవాడు. గట్టిగా మాట్లాడేవాడు కాదు గానీ, మాట్లాడితే అందరి తరపునా మాట్లాడేవాడు. "కిటికీలు తెరిపించండి దొరగారూ" అని అందరి తరపునా అడిగాడు. శనివారం నుంచి పనిలోకి రానక్కర్లేదని జవాబు వచ్చింది. దోన్ సెరాపియో తీసేసినవాణ్ణి ఊళ్లో ఏ ప్రెస్సూ గడప తొక్కనివ్వదు.

ఆ పొద్దున్నే కవిగారు కొత్త పద్యం పట్టుకుని వచ్చారు.

"ఏంటమ్మాయ్, మొహం అలా పెట్టావు?"

చెప్పాను.

"అన్యాయం!" అన్నారు.

"అన్యాయమైతే పైకెళ్లి సవాలు చెయ్యండి."

"ఎలా చేస్తాను? సెరాపియో నన్నేమీ అనలేదే! నా పరువుకి దెబ్బ తగలాలి కదా."

"మీ పరువు టోపీల వాళ్ల దగ్గరే పోతుందేం కవిగారూ? మేం మీ పద్యాన్ని చింపి పొయ్యిలో వేసినా మీకు కోపం రాదు. చివరికి మీ కోపానికి కూడా పనికిరామన్నమాట మేము."

ఆయన తెచ్చిన పద్యం ఇవ్వకుండానే వెళ్లిపోయారు. మర్నాడు వేరే పద్యం తెచ్చి, నికాసియో చేతికిచ్చి, నా వైపు చూడకుండా గబగబా మెట్లెక్కేశారు.

శుక్రవారం అది అచ్చయింది. ఆ మధ్యాహ్నం కవిగారు పత్రిక జెండాలా ఊపుకుంటూ మా నేలమాళిగలోకి ఊడిపడ్డారు.

"సానెట్‌కి ఎన్ని పాదాలు? పద్నాలుగు! ఇక్కడ ఎన్ని ఉన్నాయి? పదకొండు! నా మూడు పాదాలు మింగినవాడెవడు?"

నికాసియో తాపీగా అన్నాడు. "మీరిచ్చినవన్నీ పెట్టానండీ."

"అంటే నేను అబద్ధమాడుతున్నానా? ఇది రెండో అవమానం!"

వేలు తర్వాత వేలు లాగారు. గ్లౌజు నికాసియో చెప్పుల మీద పడింది. మెషిన్లు ఆగిపోయాయి. నికాసియో వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, చెయ్యి చాచాడు. "తీసుకోండి కవిగారూ. ఇదొక్కటే కదా ఉంది."

"ఉంచు..." అని కవిగారు తడబడి సర్దుకున్నారు. "ఉంచండి, దోన్ నికాసియో. వ్యవహారం తేలేదాకా అది మీ దగ్గరే ఉండాలి."

ఆ గదిలో మాలో ఎవరినైనా 'మీరు' అనగా, పేరు ముందు పెద్దమనుషులకు పెట్టే 'దోన్' పెట్టగా వినడం అదే మొదలు. నికాసియో గ్లౌజుని తన టైపు కేసు పైన మేకుకి తగిలించాడు.

ఊరు ఊరంతా నవ్వింది. కవికి పూర్తిగా మతి పోయిందన్నారు. శనివారం పొద్దున్నే పళ్ల డాక్టరూ ఫ్లూటు మాస్టారూ పొడుగు టోపీలు పెట్టుకుని, నేలమాళిగ మెట్లు జాగ్రత్తగా దిగి, నికాసియోకి వంగి దండం పెట్టారు. అప్పుడే సెరాపియో గారు వచ్చి, "వీడు ఇవాళ్టి నుంచి మా మనిషి కాడు, బయట చూసుకోండి" అన్నారు.

పళ్ల డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అదేంటండీ! నెత్తిన సవాలు ఉన్న మనిషిని గెంటేసేవాడు పిరికిపంద అని మొన్ననే కదా రాశారు? అవతలి పత్రికవాళ్లు వాళ్ల విలేకరిని తీసేసినప్పుడు?"

"చాలా బాగా రాశారు. మా ఆవిడకి చదివి వినిపించాను" అన్నాడు ఫ్లూటు మాస్టారు.

సెరాపియో గారి మొహం బీట్‌రూట్ అయింది. నికాసియో ఉద్యోగం పోకుండా నిలిచింది. కానీ సోమవారానికి ఆయన ఇంకో దారి వెతికారు. కంపోజిటరు పెద్దమనిషి కాడు, కాబట్టి సవాలే చెల్లదు అన్నారు. కవిగారు తివాచీల గదిలోకి నేరుగా వెళ్లిపోయారు. అప్పుడు ప్రూఫులు ఇవ్వడానికి నేను గుమ్మంలోనే ఉన్నాను.

"అంటే నేను పెద్దమనిషి కానివాడితో తలపడ్డానంటారు. ఇది నాకు అవమానం. అయ్యా, మీకూ సవాలు చేస్తున్నాను." చెయ్యి పైకెత్తి, వట్టి వేళ్లు చూసుకుని, ఆగారు. "గ్లౌజు కింద డ్యూటీలో ఉంది. పడిందనుకోండి."

పిస్తోలు అంటే సెరాపియో గారికి సంపాదకీయంలోనే ఇష్టం. విషయం పరువు సభకి నివేదించారు. సభ చలికాలమంతా కూర్చుంది. సవాలు అందుకున్నవాడే ఆయుధం ఎంచుకోవాలి కాబట్టి నికాసియో మాంసం దొడ్డి పొడుగు కత్తి ఎంచుకున్నాడు. దానికి శాస్త్రంలో నియమం లేదు. ఎంత దూరంలో నిలబడాలో తేల్చడానికే చాలా వారాలు పట్టింది. కింద పొగ మాత్రం తగ్గలేదు. ఫోర్‌మన్ రోజూ వచ్చి ఆ గ్లౌజుని కోపంగా చూసి వెళ్లేవాడు. ముట్టుకునే ధైర్యం లేదు.

చివరికి తీర్పు వచ్చింది. రాక ఏం చేస్తుంది? నికాసియో పెద్దమనిషి కాడంటే కవిగారి సవాలు చెల్లుతుంది, సెరాపియో గారు యూకలిప్టస్ తోటకి వెళ్లి నిలబడాలి. కాబట్టి 'దోన్ నికాసియో అన్నివిధాలా పెద్దమనిషి' అని సభ తేల్చింది. రెండు పక్షాల పరువూ చెక్కుచెదరలేదనీ, పోరాటం అక్కర్లేదనీ కూడా తేల్చింది. దాన్ని 'దీపస్తంభం' మొదటి పేజీలో వేశారు. పెళ్లి శుభలేఖలకు వాడే అక్షరాలు తీసి నికాసియోనే కూర్చాడు.

మర్నాడు అతను మేకు మీది గ్లౌజు తీసుకుని, మాకు అడుగుపెట్టే వీల్లేని ముందు మెట్ల మీదుగా పైకి వెళ్లాడు. మేమంతా వెనకే వెళ్లి తలుపు దగ్గర నక్కాం. గ్లౌజుని పడెయ్యలేదు. బల్ల మీద నెమ్మదిగా పెట్టాడు.

"కిటికీల సంగతి ఒకసారి మాట్లాడదామని వచ్చానండీ."

సెరాపియో గారు గ్లౌజు వైపు చూశారు. ఒకప్పుడు కత్తి పట్టిన ఆ చేతి వైపు చూశారు. పెద్దమనిషికి సవాలు చేసే హక్కు ఉంటుందని తన పత్రికే కదా చాటింది!

"ఎన్ని కిటికీలు?" అన్నారు నీరసంగా.

"ఉన్నవన్నీనండీ."

సాయంత్రానికి మేకులు ఊడాయి. దక్షిణపు గాలి ఒక్క ఊపున వచ్చి నేను మడతపెట్టిన ఫారాలన్నీ ఎగరగొట్టింది. వాటి వెంట పడి నవ్వుకుంటూ పరిగెత్తాం. దగ్గుతూ కూడా నవ్వాం.

అప్పుడే కవిగారు గ్లౌజు కోసం వచ్చారు. నికాసియో దాన్ని రెండు చేతులా అందించాడు. తెల్లగా ఉండేది సీసం మసికి నల్లబడిపోయింది. ఆయన దాన్ని మురిపెంగా తొడుక్కున్నారు. నాకు ఒక సందేహం మిగిలిపోయింది.

"కవిగారూ, ఆ పోయిన మూడు పాదాలు ఒకసారి చదవండి."

అడగకపోయినా చదివే మనిషి, కప్పు వైపు చూశారు. "గుర్తు రావడం లేదమ్మాయ్."

"మీకా! పదేళ్ల కిందటి హంసలు కూడా ఈకలతో సహా గుర్తుంటాయి మీకు. అసలు రాయలేదు కదూ? పదకొండే రాసి తెచ్చారు కదూ?"

నికాసియో నవ్వు దాచుకోవడానికి కేసు వైపు తిరిగాడు. కవిగారి చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే నేను అబద్ధమాడానంటావా?"

"అంటాను."

"నలుగురి ముందూ అంటున్నావు. ఆలోచించుకో."

"ఆలోచించే అంటున్నాను."

ఆయన నిటారుగా నిలబడ్డారు. వేలు తర్వాత వేలు లాగారు. మసిబారిన ఆ గ్లౌజు వచ్చి నా పాదాల దగ్గర పడింది.

"ఉర్సులా గారూ, నా సాక్షులు రేపు మిమ్మల్ని కలుస్తారు."

గిరుక్కున తిరిగారు. రెండడుగులు వేశారు. మేమంతా ఆయన వెనక్కి తిరగడం కోసం ఎదురుచూశాం. తిరగలేదు. మెట్లెక్కి వీధిలోకి వెళ్లిపోయారు. నేను గ్లౌజు తీసుకుని, కొత్తగా తెరిచిన కిటికీ దగ్గరికి పరిగెత్తి, వీధిలో కనబడుతున్న ఆయన బూట్లని చూస్తూ అరిచాను.

"కవిగారూ! ఆయుధం ఎంచుకునే హక్కు నాదే కదా?"

బూట్లు ఆగాయి. "మీదే!"

"అయితే ఆ మూడు పాదాలు రాయండి! ఒక్క హంస కూడా ఉండకూడదు!"

బూట్లు వెనక్కి తిరిగి కిటికీ దగ్గరికి వచ్చాయి. తర్వాత ఆయన వంగి, కిటికీలోంచి తల పెట్టి, దీనంగా అన్నారు.

"కత్తే నయం, ఉర్సులా గారూ."