చీమల పిన్ని

ఎవరింటికెళ్లినా ముందు నేల వైపే చూసే ఆ శాస్త్రవేత్తకు ఇంట్లో చీమల పిన్ని అని పేరు. అక్క కూతురి తరగతికి వెళ్లి, సదస్సుల్లో చూపించే గ్రాఫులే చూపిస్తూ గుక్క తిప్పుకోకుండా చీమల మీద ఉపన్యాసం దంచేసింది. పిల్లలు ఆవులించారు. అక్క కూతురు సిగ్గుతో తల దించుకుంది.

పిన్నికి తన మీద తనకే ఒళ్లు మండింది. ప్రొజెక్టర్ ఆపేసి, గుర్తు కోసం వీపున రంగుచుక్కలు పెట్టిన చీమల గాజుపెట్టెను బల్ల మీద పెట్టింది. పిల్లలంతా ఎగబడ్డారు.

"ఆ పసుపుచుక్కది ఒక్కటే పనీపాటా లేకుండా కూర్చుందేంటి పిన్నీ?" అంది అక్క కూతురు.

"ఏళ్ల తరబడి చూస్తున్నా. నాకూ తెలీదే."

శాస్త్రవేత్తే తెలీదనేసరికి టీచరు మొహం మాడ్చుకుంది. పిల్ల మాత్రం పెట్టె మీంచి కళ్లు తిప్పకుండా అంది.

"అయితే నేను పెద్దయ్యేదాకా నువ్వు కనిపెట్టెయ్యకు."