పదేళ్ళ గ్రాఫు పట్టుకుని ద్వారబంధం కొనబోయాను

ఏ దేశం ఏ దేశం నుంచి ఎంత విలువైన కలప కొంటోందో ఏటికేడు పోల్చి గ్రాఫులు గీయడం నా ఉద్యోగం. పదేళ్ళుగా అదే పని. అందుకే ఇబ్రహీంపట్నంలో కట్టుకుంటున్న ఇంటికి ద్వారబంధం కావాల్సి వచ్చినప్పుడు, "కర్ర సంగతి నాకొదిలెయ్" అని మా ఆవిడ స్వరూపతో గొప్పగా అనేశాను. శుక్రవారం పొద్దున గడప పెట్టే ముహూర్తం. బుధవారమే కర్ర కొంటే తప్ప వడ్రంగికి చెక్కే వ్యవధి ఉండదు. తప్పు కర్ర తెచ్చానో, ఆ తలుపు తీసిన ప్రతిసారీ నాకు జీవితాంతం అక్షింతలే.

బుధవారం పొద్దున నా పదేళ్ళ గ్రాఫు కాగితం మడిచి చేతిలో పట్టుకుని, ఎల్బీనగర్ చౌరస్తాలో ఎనిమిదిన్నరకు సాగర్ రోడ్డు బస్సెక్కాం. నాకు నలభై రూపాయలు, స్వరూపకు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్.

"నీ గ్రాఫుకు టికెట్ తీస్కున్నవా?" అంది.

ఆదిభట్ల కంపెనీ బస్సుల వెనక బొంగుళూరు గేటు దాకా నత్తనడకే, తర్వాత రోడ్డు ఖాళీ. తొమ్మిదిన్నర దాటాక ఇబ్రహీంపట్నంలో దిగితే, బస్టాండు దగ్గర మా వడ్రంగి ఖాజా భాయ్ ఎదురుచూస్తున్నాడు. పది రూపాయల చాయ్ తాగి, పక్కనే ఉన్న టింబర్ డిపోకు నడిచాం.

ఖాజా నేరుగా మూలనున్న ఒక మొద్దు దగ్గరికి పోయి తట్టి చూశాడు. "గిది తీస్కుందాం సార్."

"ఏ దేశానిది?"

"మంచాల. గీ పక్క ఊరే సార్. రైతు పొలం గట్టు మీది టేకు."

నా కాగితంలో మంచాలకు గీత లేదు. కుదరదన్నాను. గ్రాఫు విప్పి చూపించాను. బర్మాది ఎర్ర గీత, ఘానాది నీలం గీత. నీలం గీత పదేళ్ళుగా పైకే పోతోంది. "లోకమంతా ఘానా కర్రకే ఎగబడుతోంది ఖాజా భాయ్!" అన్నాను. డిపో యజమాని ఆనందంగా ఘానా దుంగ చూపించాడు. ఎర్రగా నిగనిగలాడుతోంది.

ఖాజా సంచిలోంచి తడిగుడ్డ తీసి దాన్ని రుద్దాడు. రంగంతా గుడ్డకంటుకుంది, కింద కర్ర తెల్లగా తేలింది. "చేవ లేదు సార్. చెదలకు దావత్ ఇచ్చినట్టే."

"మరి ఈ గీత?" నేను పట్టు వదల్లేదు.

ఖాజా కాగితాన్ని తేరిపార చూశాడు. "గిండ్ల పెరిగినయి పైసలా, మొద్దులా?"

"పైసలు."

"మొద్దులెన్ని వచ్చినయి?"

పదేళ్ళలో ఆ లెక్క ఒక్కసారీ తీయలేదు.

"గట్లయితే గవే మొద్దులకు ఎక్కువ పైసలు ఇచ్చిన్రేమో సార్. మీరిప్పుడు ఇయ్యబోయినట్టు."

స్వరూప నవ్వాపుకోలేక మంచాల మొద్దు మీదే కూలబడింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. అదే మొద్దు కొని కోయించాం, ట్రాలీ ఆటోకు ఐదువందలు. కొలతలు రాసుకోవడానికి ఖాజా కాగితం అడిగితే నా గ్రాఫే ఇచ్చాను. వెనక్కి తిప్పి పెన్సిలుతో ద్వారబంధం గీశాడు.

శుక్రవారం గడపకు పసుపు రాస్తూ, "ఏ దేశపు గడపనో చెప్పవా అందరికీ?" అని స్వరూప గిల్లింది. చెప్పాను, మంచాల అని, కాస్త గర్వంగానే. పదేళ్ళలో నేను గీసిన కాగితం ఒకరి చేతిలో నిజంగా పనికొచ్చింది ఆ బుధవారమే. మీరూ కర్ర కొనడానికి ఇటు వస్తే వడ్రంగినీ, తడిగుడ్డనూ వెంట తెచ్చుకోండి. గ్రాఫు కూడా తెస్తానంటే, వెనకవైపు ఖాళీగా ఉండేలా చూసుకోండి.