బెంచి వైసు మీద ఒట్టు

మావయ్య పోయిన రెండో నెలలో మా మేనత్త గురజాల దగ్గరి వాళ్ల ఊరి నుంచి ఫోన్ చేసింది. మిరపకాయలు పోసుకునే కొట్టం పడగొట్టిస్తున్నారట. మూల గోతాల కింద ఇనుప సామానేదో బయటపడిందనీ, పాతసామాన్లవాడికి వేసేకంటే మెకానిక్కువి నువ్వే పట్టుకుపొమ్మనీ చెప్పింది. వెళ్లి చూస్తే అదొక బెంచి వైసు. పనిబల్లకు బిగించుకుని, సానబట్టాల్సిన ఇనప ముక్కను రెండు దవడల మధ్య కదలకుండా పట్టి ఉంచుతామే, అది. పాతిక కిలోలకు తక్కువ ఉండదు. ఒళ్లంతా బూడిదరంగు పెయింటు, దాని మీద తుప్పు, మర బిగుసుకుపోయి ఉంది.

మావయ్య జీవితమంతా మిరప, పత్తి వేసుకున్న మనిషి. ఆయనకు వైసుతో ఏం పని అన్న ప్రశ్న నాకు రావాలి. రాలేదు. మా షెడ్డులో ముప్పై ఏళ్ల కిందట ఒక వైసు పోయిన సంగతి కూడా గుర్తుకు రాలేదు. దొంగ ఎవరో తేలిపోయిందని నా మనసు ఆ తలుపు ఎప్పుడో వేసేసుకుంది. పాత ఇనుము గట్టిది, బాగుచేస్తే ఇంకో తరం పనిచేస్తుందని మురిసిపోతూ నరసరావుపేట తెచ్చుకున్నాను.

మూడు రోజులు కిరసనాయిలూ, మాడిన ఇంజనాయిలూ కలిపి మర మీద పోస్తూ వచ్చాను. నాలుగో రోజు సుత్తితో చిన్నగా తట్టితే మర కిర్రుమని కదిలింది. దవడలు విడదీసి, థిన్నరు పూసి, వైరు బ్రష్షు పట్టుకుని కూర్చున్నాను. బూడిదరంగు ఒక్క పూతే. అది లేచిపోయాక కింద ఆకుపచ్చ కనబడింది. దాని కింద ఇంకో ఆకుపచ్చ, దాని కింద మరొకటి. నా చెయ్యి ఆగిపోయింది.

మా నాన్న షెడ్డులో దసరాకు ముందు రోజు ప్రతి పనిముట్టుకూ ఆకుపచ్చ రంగు వేయించేవాడు. పాత రంగు గీకనిచ్చేవాడు కాదు. గోడకు సున్నం మీద సున్నం వేసినట్టు ఏటా ఒక పూత పడేది. మర్నాడు వాటికి పసుపూ కుంకుమా పెట్టి పూజ చేసేవాళ్లం. కానీ ఆకుపచ్చ వైసులు పేటలో చానా షెడ్లలో ఉన్నాయి. నేను దవడకు బిగించిన ఇనప పలక దగ్గరికి వెళ్లాను. బ్లేడుతో రంగు గీకడం మొదలుపెట్టాను. అది మాది కాకూడదని కోరుకున్నాను.

మా వైసు పలక ఒకసారి అరిగిపోతే, మా దగ్గర పనిచేసే మేస్త్రీ లారీ కమాన్ స్ప్రింగు పట్టీ కోసి కొత్తది చేశాడు. కుడివైపు బెజ్జం వేసేటప్పుడు డ్రిల్లు జారింది. బెజ్జం పెద్దదైపోయి, అటు ఒక లావు స్క్రూ, ఇటు సన్న స్క్రూ బిగించాల్సొచ్చింది. అలాంటి పని మా షెడ్డులో చేస్తావా అని నాన్న ఆ రోజంతా సణిగాడు. ఇప్పుడు రంగు కింద నుంచి ఆ రెండు స్క్రూలూ బయటికొచ్చాయి. కుడివైపుది లావు, ఎడమవైపుది సన్నం.

వైసు పోయినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఒక పొద్దున షెడ్డు తెరిస్తే బల్ల మీద నాలుగు బోల్టుల బెజ్జాలే మిగిలాయి. తాళం పగల్లేదు. తాళంచెవి ఎక్కడుంటుందో తెలిసినవాళ్లం ముగ్గురం, నాన్న కాక. నేను, మేస్త్రీ, ఇంకా పత్తి అమ్ముకోవడానికి వచ్చి ఆ వారం షెడ్డులోనే పడుకుంటున్న మావయ్య. పోతే పోయిందిలే, ఇంకోటి కొనుక్కుందామన్నాడు నాన్న. నేను ఊరుకోలేదు. నా నెత్తురు అప్పుడు అలాంటిది. అందరం ప్రమాణం చేద్దామని నేనే అంగడికి పోయి కర్పూరం కొనుక్కొచ్చాను.

దేవుడి పటం ముందు పళ్లెంలో కర్పూరం వెలిగించాం. నేను తియ్యలేదని చెప్పి అరచేత్తో ఆర్పాను. మళ్లీ వెలిగించాం. మావయ్య కోటప్పకొండ స్వామి పేరెత్తి, రెప్ప వెయ్యకుండా ఆర్పాడు. మేస్త్రీ మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వాళ్లది ప్రార్థనకు పోయే కుటుంబం.

"మేం ఒట్టు పెట్టం తమ్ముడూ. తియ్యలేదని చెప్పా. అంతే," అన్నాడు.

కర్పూరం కాదు, మీ బైబిలు మీదే పెట్టు అన్నాను. దేని మీదా ఒట్టు పెట్టకూడదని అందులోనే రాసుందన్నాడు. భయం లేనివాడు ఎందుకు వెనకాడతాడని మావయ్య మెల్లిగా అన్నాడు. నాకు ఆ మాట చాలింది. రేపటి నుంచి రావద్దని నాన్నకంటే ముందు నేనే చెప్పేశాను. మేస్త్రీ తన టిఫిను డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత పేటలో ఏ షెడ్డూ ఆయన్ను పెట్టుకోలేదు. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనికి పోయాడని విన్నాను. దొంగను ఎలా పట్టుకున్నానో నేను ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. గొప్పగానే చెప్పాను.

మావయ్య దాన్ని ఎందుకు తీశాడో నాకిప్పటికీ తెలియదు. అమ్ముకుందామని తీసి, కర్పూరం ఆర్పాక అమ్మే ధైర్యం చాల్లేదేమో. గుర్తుపట్టకుండా రంగు మార్చి, గోతాల కింద తోసి, ముప్పై ఏళ్లు దాని పక్కనే మిరపకాయలు పోసుకున్నాడు. ఆయన్ను చొక్కా పట్టుకుని అడగాలనిపించింది. అడగడానికి ఆయన లేడు. అత్తకు చెప్పలేదు. అది జాలి అని సర్దిచెప్పుకున్నాను గానీ, పిరికితనమే.

వైసును పూర్తిగా శుభ్రం చేశాను. మరకు గ్రీజు పెట్టాను. కొత్త రంగు వెయ్యలేదు, పలక మార్చలేదు. ఫోన్లో ఫొటో తీసుకెళ్లి చూపించడం నాకు మర్యాదగా తోచలేదు. గోతంలో వేసుకుని బస్సెక్కి పిడుగురాళ్ల వెళ్లాను. అడ్రసు కనుక్కోవడానికి గంట కూడా పట్టలేదు. ఇన్నేళ్లలో ఏ రోజైనా వెళ్లగలిగేంత దగ్గరే.

మేస్త్రీ వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సున్నం దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, నాలుగు మాటలకొకసారి దగ్గు. నన్ను గుర్తుపట్టి కూర్చోమన్నాడు. నేను కూర్చోకుండా గోతం విప్పి, వైసు ఆయన కాళ్ల ముందు పెట్టి, ఎక్కడ దొరికిందో, ఎవరు దాచారో చెప్పేశాను. తప్పయిపోయిందన్నాను. ఆయన వంగి ఆ లావు స్క్రూ మీద బొటనవేలు పెట్టి కాసేపు రుద్దాడు.

"నేను తియ్యలేదని నీకు ఇప్పుడు తెలిసింది. నాకు అప్పుడే తెలుసుగా," అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. హ్యాండిలు పట్టుకుని తిప్పి, మర సాఫీగా పోతోందని మెచ్చుకున్నాడు. దగ్గు తగ్గాక లోపలి గోడ వైపు చూశాడు. అక్కడ ఆయన భార్య ఫొటో ఉంది. పోయినేడు పోయిందట.

"మీ వదిన ఆ పొద్దు నన్నేం అడగలేదు. ఇన్నేళ్లూ అడగలేదు. పోయే ముందు వారం అడిగింది, ఇప్పుడైనా చెప్పయ్యా, తీశావా అని. లేదే అన్నా. సరేలే అని అటు తిరిగి పడుకుంది."

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"దీన్ని తీసుకుపో తమ్ముడూ. ఈ ఇంట్లో దీన్ని చూడాల్సిన మనిషి లేదు."