రెండు జంతికల పొట్లాలకు ఒక జేగంట

తొమ్మిదేళ్లకే నేను చేసిన బేరం లాంటిది, వలసొచ్చిన దేశంలో టూంగాబీ అనే పేటలో మా నాన్న పెట్టిన కిరాణా కొట్టు చరిత్రలోనే లేదు. రెండు జంతికల పొట్లాలిచ్చి, పక్కింటి ఫిలిప్పీన్స్ కుర్రాడు మార్కో దగ్గర ఇత్తడి పళ్లెం కొట్టేశాను.

మొన్న పార్కులో ఫిలిప్పీన్స్ కొండజాతివాళ్లు ఇత్తడి పళ్లెంలాంటి జేగంటలు వాయిస్తూ, మోకాళ్లు వంచి, వలయంగా ఆడుతుంటే అది గుర్తొచ్చింది.

ఆ పళ్లేన్ని కొట్టు ముందు వేలాడదీసి, గిరాకీ కోసం కొబ్బరికాయల సుత్తితో బాదాను. మూడో దెబ్బకు వీధి కుక్కలన్నీ మొరగడం ఆపేశాయి. మార్కో వాళ్ల బామ్మ చెప్పుల్లేకుండా వచ్చింది.

"చనిపోయిన మా పెద్దల్ని ఎవరు పిలిచారు?"

"ఏం తెచ్చావురా?" అన్నాడు నాన్న.

"ఊరికే పిలవకూడదు. వచ్చినవాళ్లు విందు లేకుండా వెళ్లరు," అందామె, ఖాళీ వీధిలోకి చూస్తూ.

"పకోడీలు పెడితే వెళ్తారా గ్రాండ్‌మా?" బేరమాడాను.

ఆమె నవ్వలేదు. నేను పళ్లెమనుకున్న ఆ జేగంట అంచున, నా దెబ్బలకు పడిన సన్నని పగులును వేలితో తడిమింది. ఆరు జేగంటలు కలిసి మోగితేనే వాళ్ల ఆట. ఆ శనివారమే ఆమె మనవరాలి పెళ్లి.

పెళ్లిలో ఎవరూ ఆడలేదు.

మొన్న పార్కులో జేగంట మోగినప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాను. నిజాయితీగా లెక్క తేలిస్తే, నాకు దక్కింది మూడు దెబ్బల మోత. ఆమెకు పోయింది సముద్రం దాటి మోసుకొచ్చిన ఆట.