నేను ఉపవాసమని చెప్పుకున్నది

సహోదరులారా, పోయిన సంవత్సరం ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో నేను నలభై రోజులు ఉపవాసం ఉన్నానని మీరందరూ మెచ్చుకున్నారు. అది అబద్ధమని ఒప్పుకోవడానికే ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

నాకు ముప్పై నాలుగేళ్లు. తాగుడు లేదు, సిగరెట్టు లేదు. మిరప కోల్డ్ స్టోరేజీలో ముఠా మేస్త్రీని. ఆ రోజుల్లో రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది, విరేచనం నల్లగా అయ్యేది. మిరప ఘాటులో బతికేవాళ్లం కదా, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నాను. ఒళ్లు తగ్గిపోతుంటే మా ముఠాలో ఒకడు, "ఏరా, ఇట్టా ఎండిపోతే నిన్ను కూడా మిరపకాయల్లా టిక్కీ బస్తాలో వేసి తొక్కుతారు" అని నవ్వాడు. అంతలో శ్రమల దినాలు వచ్చాయి. తినలేకపోవడానికి ఉపవాసమని పేరు పెట్టాను, మీ పొగడ్తలు కడుపునిండా తిన్నాను!

ఈస్టరు విందులోనూ ముద్ద దిగలేదు. ఉపవాసం పొడిగిస్తున్నానని చెప్పాను. ఇంటికొచ్చాక నా భార్య సుగుణ ఎదురుగా కూర్చుంది.

"మీది ఉపవాసం కాదండి. మీకు అన్నం దిగట్లేదు. దేవుడికి తెలుసు, నాకు తెలుసు. మీరే ఒప్పుకోవట్లేదు."

మర్నాడు గుంటూరు తీసుకెళ్లింది. కడుపులో క్యాన్సర్ అన్నారు. ఈ వయసువాళ్లు ఇప్పుడు చాలా దేశాల్లో ఈ జబ్బుతో వస్తున్నారనీ, కారణం ఇదీ అని చెప్పలేమనీ డాక్టరు గారు అన్నారు. ఆసుపత్రి మంచం మీద ప్రార్థించాను: "ప్రభువా, నేను తినలేని అన్నాన్ని నీకోసం మానేశానని చెప్పాను. క్షమించు. ఒక్క ముద్ద దిగనివ్వు."

ఆపరేషన్ అయింది, కీమో అయింది, ఇప్పుడు కొంచెం కొంచెంగా తింటున్నాను, దేవునికే మహిమ! నా ఉపవాసమే నన్ను కాపాడిందని కొందరంటున్నారు. కాదు సహోదరులారా, అదే నన్ను చంపబోయింది. పక్క మంచంలో ఇరవై తొమ్మిదేళ్ల టీచరమ్మ నాకంటే నిజాయితీగా ప్రార్థించేది. ఆమె వెళ్లిపోయింది, నేనున్నాను. ఎందుకో నాకు అర్థం కాదు. అర్థం కాకుండానే ఆయనకు కృతజ్ఞతలు చెల్లిస్తున్నాను.

మీలో ఎవరికైనా ముద్ద దిగకపోతే దాచకండి. ప్రభువును నమ్మండి, డాక్టరుకూ చూపించుకోండి. సోమవారం నాకు మళ్లీ పరీక్ష ఉంది, పొద్దున ఏడింటి బస్సుకు వెళ్తున్నాను. ఒంటరిగా రావడానికి భయమైతే నాతో రండి. నాకూ భయంగానే ఉంది.