వ్రతం నాటి కిస్‌మిస్‌లు

మా పొమేరియన్ కుక్కకి స్నానం, గోళ్ళు కత్తిరించడం, పిడుదుల మందు, ఏడాదికోసారి టీకా, అన్నీ నా డ్యూటీలే. గారం చేయడం మాత్రం మా అత్తయ్యగారి డ్యూటీ. నేను గిన్నెలో పెట్టిన పెరుగన్నం అలా ఎండిపోవాల్సిందే. అదే అన్నం ఆవిడ అరచేతిలో పెడితే వేళ్ళ సందులు కూడా వదలకుండా నాకేసేది. కాకినాడ నుంచి మధురానగర్ ఫ్లాట్‌లోకి వచ్చిపడ్డాక ఆవిడకి దొరికిన స్నేహం అదొక్కటే. అందుకని నేనూ పెద్దగా గొడవ పెట్టుకునేదాన్ని కాదు. చాక్లెట్టు వద్దు, ఉల్లిపాయ వద్దు అని మాత్రం గట్టిగా చెప్పాను. పాపం, ఆ మాట ఎన్నడూ దాటలేదు.

ఆవిడకి షుగరు. ప్రసాదం కాదనకూడదు, తింటే డాక్టరు ఊరుకోడు. అందుకని కళ్ళకద్దుకుని, చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది సోఫా కింద కాచుకుని ఉన్న దానికి పెట్టేవారు. అదీ ఇంట్లో మనిషేగా అనేవారు. నాకు నవ్వొచ్చేది.

ఆ ఆదివారం సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. అపార్ట్‌మెంటు పిల్లలంతా వచ్చారు. ఈ కాలం పిల్లలు కదా, ప్రసాదంలో జీడిపప్పు ఏరుకుని తినేసి, కిస్‌మిస్‌లన్నీ ప్లేట్ల అంచున పెట్టేసి పోయారు. స్వామివారి ప్రసాదం చెత్తబుట్టలో వేస్తే ఇంకేమైనా ఉందా? అత్తయ్యగారు ప్లేటు ప్లేటూ వెతికి ఏరారు. గుప్పెడయ్యాయి. అన్నీ దానికే పెట్టారు.

సాయంత్రం నుంచి వాంతులు. తిండి ఎక్కువైందనుకుని మజ్జిగ పట్టాం. సోమవారమంతా పడుకునే ఉంది. మంగళవారం పొద్దున కిందికి తీసుకెళ్తే గేటు దగ్గర కాలెత్తి నిలబడింది గానీ చుక్క రాలేదు. అప్పుడు భయం వేసింది నాకు.

మెట్రోలో కుక్కల్ని ఎక్కనివ్వరు. ఆటోలో పంజాగుట్ట పశువుల ఆసుపత్రికి బయల్దేరాం. ఫ్లైఓవర్ దగ్గర అంతా ఆగిపోయింది. పైన రైళ్ళు జుయ్యిమని పోతూనే ఉన్నాయి. కింద మేం మాత్రం అక్కడే ఉన్నాం. అత్తయ్యగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పి, ఏమీ కాదురా నాన్నా అంటూనే ఉన్నారు. జర ఓపిక పట్టమన్నాడు ఆటో అతను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిని తిడితే బండ్లు కదులుతాయి?

పశువుల డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. రక్తం తీయించాడు. ఏం తిన్నదని అడిగితే నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు అందుకున్నారు.

"బయటి తిండి ముట్టదు బాబూ. ఆదివారం స్వామివారి ప్రసాదంలో కిస్‌మిస్ పళ్ళు పెట్టాను, అంతే."

ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. డాక్టరు తలెత్తి ముందు నన్ను చూశాడు. ఆ చూపుతోనే నాకు సగం అర్థమైంది. చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన గమనించాడో లేదో.

"కిస్‌మిస్ కుక్కలకు పడదమ్మా. కిడ్నీలు ఖరాబ్ చేస్తది. మస్తు మందికి తెల్వదు," అన్నాడు మెల్లగా.

నాకు పిల్లల మీదా, వాళ్ళ తల్లుల మీదా, చివరికి దేవుడి మీదా కోపం వచ్చింది. ఆవిడ మీద తెచ్చుకుందామన్నా రాలేదు. దాన్ని ఆసుపత్రిలోనే ఉంచి ఇంటికొచ్చాక, మనకేం తెలుసండీ, నాకూ తెలియదు కదా అన్నాను. ఆవిడ ఆ రోజు అన్నం ముట్టలేదు.

బుధవారం వెళ్ళేసరికి అది బల్ల మీద సెలైన్‌తో పడుంది. మమ్మల్ని చూసి తోక కొంచెం కదిపింది. డాక్టరు ఒక గిన్నెలో నీళ్ళు తెచ్చిచ్చాడు.

"నోటితోని జర తాగితే మనకు కొంచెం ఆశ ఉంటది. ఎవరి చేతితోని తాగుతది?"

అత్తయ్యగారి వైపు చూశాను. అది కూడా మూతి అటే చాపి ఆవిడ చెయ్యి వెతుక్కుంది. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కున్నారు, కొంగులో చుట్టేసుకున్నారు.

"నా చేత్తో వద్దమ్మా. నువ్వు పట్టు."

బతిమాలాను. కసిరాను కూడా. ఆవిడ చెయ్యి బయటికి తీయలేదు. చివరికి నేనే అరచేతిలో నీళ్ళు పోసుకుని దాని మూతి దగ్గర పెట్టాను. అది ఒకసారి వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ఆ కొంగు వైపే చూస్తూ పడుకుంది. సాయంత్రానికి పోయింది.